1782 నాటి ఓడకు ఏ రంగు వేయాలి? అరచేతి నౌకల చుట్టూ అల్లుకున్న సందేహాలు

1782 ఫిబ్రవరి నడుమ మద్రాసు కోట ఎదుటి సముద్రంలో బ్రిటిష్ నౌకాదళం లంగరు వేసి ఉండగా, ఫ్రెంచి ఓడలు వచ్చి కంటికి కనబడేంత దూరంలో నిలిచాయి. బ్రిటిష్ దళానికి ఎడ్వర్డ్ హ్యూస్, ఫ్రెంచి దళానికి సుఫ్రెన్ నాయకులు. ఫిబ్రవరి 17న నేటి కల్పాక్కం పక్కనున్న సద్రాస్ ఎదుట వారి మొదటి పోరు జరిగింది. అక్కడి నుంచి పదహారు నెలల్లో ఆ ఇద్దరే శ్రీలంక తీరపు ప్రొవిడియన్, నాగపట్నం, ట్రింకోమలీ, కడలూరుల దగ్గర మరో నాలుగుసార్లు తలపడ్డారు. చెన్నైలో స్థిరపడిన కొందరం తెలుగువాళ్లం ఈ ఐదు పోరాటాలనూ బల్ల మీద చిన్న ఓడలతో మళ్లీ ఆడి చూద్దామని చేరిన రోజున, ఆట మొదలు కాకముందే తగవు మొదలైంది.

సుఫ్రెన్ ఎక్కిన ఓడ పేరు ఎరో, 74 ఫిరంగులది. మాలో ఇద్దరు ఒకరికొకరు చెప్పుకోకుండా దానికే రంగు వేసి తెచ్చారు. ఒక ఓడ నల్లని ఒంటి మీద పసుపు పట్టీలతో, మంచులా తెల్లని తెరచాపలతో మెరిసిపోతోంది. రెండోది నూనె పట్టించిన పాత తలుపులా తేనె రంగులో ఉంది, తెరచాపలు గంజి ఆరిన బట్టలా మాసి ఉన్నాయి. ఇద్దరూ చదివే వేశారు, ఇద్దరికీ ఎదుటివారిది తప్పనే అనిపించింది. ఓడల మీద ఉద్యోగం చేసి పెరంబూరులో విశ్రాంతి తీసుకుంటున్న కాకినాడ పెద్దాయన ఒకరు మాతో ఉంటారు. "మాస్టారూ, మీరే చెప్పండి, ఏది సరైనది?" అని అడిగితే ఆయన రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత దూరం నుంచి చూస్తున్నామో ముందు చెప్పండి బాబూ" అన్నారు.

ఆ ప్రశ్న నాకు చాలా దారి చూపింది. చిన్న ఓడకు రంగు వేసేటప్పుడు మనకు తెలియకుండానే మూడు వేర్వేరు ప్రశ్నలకు ఒకేసారి జవాబు వెతుకుతాం. ఆనాటి ఓడ నిజంగా ఎలా ఉండేది అన్నది మొదటిది. అంత దూరం నుంచి చూస్తే కంటికి ఎలా ఆనుతుంది అన్నది రెండోది. బల్ల చుట్టూ ఉన్న ఆటగాళ్లు ఎవరి ఓడ ఏదో క్షణంలో గుర్తుపట్టాలంటే ఎలా ఉండాలి అన్నది మూడోది. మొదటిది చరిత్రకు, రెండోది చూపుకు, మూడోది ఆటకు సంబంధించినవి. ఒకదానికి ఇవ్వవలసిన జవాబును మరొకదానికి ఇస్తున్నందువల్లే ఈ తగవులు తెగడం లేదని నా అభిప్రాయం.

ఈ ఆట ఏమిటి, ఈ ఓడలు ఎందుకు

చారిత్రక నౌకా యుద్ధక్రీడ అంటే జరిగిన సముద్ర పోరాటాన్ని, ఆనాటి ఓడల సంఖ్యతో, ఆనాటి గాలి దిశతో, నియమాల ప్రకారం బల్ల మీద మళ్లీ నడపడం. ఇది కేవలం పిల్లలాట కాదు. స్కాట్లండ్‌కు చెందిన జాన్ క్లార్క్ అనే ఆయన నావికుడు కాకపోయినా, చిన్న కొయ్య ఓడలను బల్ల మీద జరుపుతూ నౌకాయుద్ధ వ్యూహాల మీద ఆలోచించి, తన రచన మొదటి భాగాన్ని 1782లోనే అచ్చు వేయించుకున్నారు. సుఫ్రెన్, హ్యూస్ మన తీరాన పోరాడుతున్న ఏడాదే అది.

ఆ కాలపు పెద్ద యుద్ధనౌకలు ఒకదాని వెనుక ఒకటిగా వరుస కట్టి, పక్కవాటుగా ఫిరంగులు పేల్చుకునేవి. అలా వరుసలో నిలబడగల సత్తా ఉన్న ఓడలలో 74 ఫిరంగులదీ, 64 ఫిరంగులదీ సర్వసాధారణం. వరుస మొత్తం ఒకే చూపులో కనబడాలి కాబట్టి ఆట ఓడలు చిన్నవిగా ఉండాలి. ఎంత చిన్నవి అన్నదే మొదటి చిక్కు.

1/1200 అంటే చేతిలో ఎంత

నిజమైన ఓడ పొడవును ఎన్నో వంతుకు తగ్గించారో చెప్పే అంకెను స్కేలు అంటారు. ఈ ఆటల్లో తరచుగా కనబడేవి 1/700, 1/1000, 1/1200, 1/2400. వార్‌లార్డ్ గేమ్స్ వారి బ్లాక్ సీస్ ఓడలు 1/700లో, లాంగ్టన్ లోహపు ఓడలు 1/1200లో, ముందే రంగులు వేసి అమ్మే సెయిల్స్ ఆఫ్ గ్లోరీ ఓడలు 1/1000లో ఉంటాయి.

ఆనాటి బ్రిటిష్ 74 ఫిరంగుల ఓడలో ఫిరంగుల అంతస్తు పొడవు సుమారు 168 అడుగులు, అంటే 51 మీటర్ల పైచిలుకు. దాన్ని 1200తో భాగిస్తే 43 మిల్లీమీటర్లు, మన చిటికెన వేలికంటే కొంచెం తక్కువ. 700తో భాగిస్తే 73 మిల్లీమీటర్లు. 2400తో భాగిస్తే 21 మిల్లీమీటర్లు, బొటనవేలి చివరి కణుపుకంటే తక్కువ. కింది అంతస్తులో పక్కకు 14 ఫిరంగి కిటికీలు ఉంటాయి. 1/1200లో వాటిని 43 మిల్లీమీటర్లలో సర్దాలంటే ఒక్కో కిటికీకీ మరో కిటికీకీ మధ్య మూడు మిల్లీమీటర్లు దొరుకుతాయి, కిటికీ వెడల్పు ముప్పాతిక మిల్లీమీటరు. రంగు వేసేవాడి చేయి వణికితే ఎంత తప్పు జరుగుతుందో ఈ లెక్కే చెబుతుంది. కిటికీలో నల్ల చుక్క అర మిల్లీమీటరు పక్కకు జరిగితే నిజమైన ఓడలో ఫిరంగి 60 సెంటీమీటర్లు జరిగినట్లు లెక్క.

కంటికీ ఓడకూ మధ్య దూరం

పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. బల్ల పక్కన నిలబడినప్పుడు మన కంటికీ ఓడకూ మధ్య సుమారు 50 సెంటీమీటర్లు ఉంటుంది. దాన్ని 1200తో హెచ్చవేస్తే 600 మీటర్లు. అంటే 1/1200 ఓడను బల్ల మీద చూడడం, నిజమైన ఓడను 600 మీటర్ల దూరం నుంచి చూడడంతో సమానం. 1/700లో ఇది 350 మీటర్లు, 1/2400లో 1200 మీటర్లు. రంగు వేసేటప్పుడు మాత్రం ఓడను కంటికి 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటాం, అప్పుడు లెక్క 240 మీటర్లకు దిగుతుంది. వేసేవాడు 240 మీటర్ల నుంచి, ఆడేవాడు 600 మీటర్ల నుంచి చూస్తున్నారన్నమాట. ఎంతో ఓపికగా గీసిన పలకల గీతలు ఆటలో ఎవరికీ కనబడకపోవడానికి కారణం ఈ తేడాయే.

దీని మీద రంగులు వేసేవాళ్లలో రెండు పక్షాలున్నాయి. దూరం పెరిగేకొద్దీ గాలిలోని తేమ, దుమ్ము వల్ల రంగులు వెలిసినట్లు కనబడతాయి కాబట్టి ప్రతి రంగులోనూ కొంత తెలుపు కలపాలని ఒక పక్షం అంటుంది. 600 మీటర్ల దూరంలో గాలి అంత మార్పు చేయదు కాబట్టి అసలు రంగే వేయాలని రెండో పక్షం అంటుంది. మెరీనా ఒడ్డున నిలబడితే ఈ రెండు మాటలనూ పరీక్షించవచ్చు. రేవు బయట కిలోమీటర్ల దూరంలో లంగరు వేసిన సరుకు ఓడలు ఏ రంగువైనా సరే, చూపుకు బూడిద నీలంలో కలిసిపోయి ఉంటాయి. కాసిమేడు వైపు కొన్ని వందల మీటర్లలో సాగే చేపల పడవల రంగులు మాత్రం నిండుగా కనబడతాయి. కాబట్టి గాలి సంగతి వరకు రెండో పక్షం మాటకే ఎక్కువ బలం ఉందని నాకు తోస్తుంది.

అయినా మొదటి పక్షం వేసిన ఓడలే బల్ల మీద బాగుంటాయి, దానికి కారణం వేరు. నిజమైన ఓడ మీద సూర్యకాంతి పెద్ద పెద్ద వెలుగు నీడలను సృష్టిస్తుంది. 43 మిల్లీమీటర్ల ముక్క మీద గది దీపం అంత నీడ వేయలేదు. ఆ లోటును రంగుతో పూడ్చవలసి వస్తుంది. అందుకే పలచగా నీళ్లలా కలిపిన ముదురు రంగును పోసి సందుల్లో నిలిచేలా చేస్తారు, దీన్ని వాష్ అంటారు. తర్వాత కుంచెను దాదాపు పొడిగా తుడిచి, లేత రంగును అంచుల మీద మాత్రమే తాకిస్తారు, ఇది డ్రై బ్రష్. గాలి పేరు చెప్పి తెలుపు కలిపేవారు నిజానికి సాధిస్తున్నది ఈ వెలుగునే.

ఓడ ఒంటి రంగు: నెల్సన్ నీడ పడని కాలం

నల్ల ఒళ్లు, ఫిరంగి వరుసల వెంట పసుపు పట్టీలు, కిటికీ తలుపులు నలుపు. తలుపులు మూస్తే పసుపు పట్టీ మీద చదరంగపు గళ్లలా కనబడే ఈ అలంకారాన్ని నెల్సన్ గళ్లు అంటారు. ఓడ అనగానే మనకు మనసులో మెదిలేది ఇదే. 1805 అక్టోబర్ 21న బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్ ఫ్రెంచి, స్పానిష్ దళాలను ఓడించిన ట్రఫాల్గర్ యుద్ధానికీ దీనికీ విడదీయరాని ముడి ఉంది, అందరూ అనుసరించే పద్ధతిగా ఇది స్థిరపడింది ఆ తర్వాతనే. పసుపు స్థానంలో తెల్ల పట్టీలు ఇంకా తర్వాత వచ్చాయి. సద్రాస్ పోరు దానికి ఇరవై మూడేళ్ల ముందుది.

1782 నాటి ఓడల ఒళ్లు చాలా వరకు కొయ్య రంగునే చూపించేవి. దేవదారు జాతి చెట్ల జిగురుతో చేసిన వార్నిష్ పూయడం వల్ల పక్కలు తేనె రంగుకు, కాలం గడిచేకొద్దీ ముదురు గోధుమకు తిరిగేవి. నీటి మట్టానికి పైన ఓడకు నడికట్టులా చుట్టిన లావు పలకల పట్టీ నలుపు. అన్నిటికీ పై భాగంలో నీలం, నలుపు వంటి రంగులు వాడేవారు. వార్నిష్ బదులు మట్టి పసుపు రంగు పూయడం కూడా ఆ కాలంలో పెరుగుతూ వచ్చింది. నాయకుడు తన సొంత డబ్బుతో రంగు కొనుక్కుని ఓడను తన ఇష్టానికి అలంకరించుకున్న సందర్భాలూ ఉండడం వల్ల, ఒకే దళంలోని ఓడలన్నీ ఒకే తీరున ఉండేవనుకోవడం పొరపాటు. ఫ్రెంచి ఓడల సంగతిలో వైవిధ్యం ఇంకా ఎక్కువ.

లోపలి గోడలకూ, ఫిరంగి కిటికీ తలుపుల లోపలి వైపుకూ ఎరుపు వేసేవారు. నెత్తురు కనబడకుండా ఉండడానికి ఆ ఎరుపు వేశారన్న కథ చాలా ప్రచారంలో ఉంది. కానీ మన ఊళ్లలో గోడల అంచులకు వేసే జేగురు లాంటి ఎర్రమట్టి రంగు చవకగా దొరికేది, ఎండకూ ఉప్పునీటికీ తట్టుకునేది, ఆ ఒక్క కారణమే సరిపోతుంది. ఓడ వెనుక భాగంలోని చెక్కడాల మీద బంగారం కూడా అంతే. బొమ్మల్లో ధగధగ మెరిసేదంతా బంగారు పూత కాదు, చాలా చోట్ల అది పసుపు రంగే.

ఇవన్నీ మనకు ఎలా తెలుసునన్నది కూడా చూడాలి. ఆధారాలు ప్రధానంగా నాలుగు రకాలు: ఆనాటి చిత్రాలు, ఆనాడే చేసిన నమూనా ఓడలు, లిఖిత ఆదేశాలు, మిగిలి ఉన్న ఓడల మీది రంగు పొరలు. హ్యూస్ పోరాటాలను డొమినిక్ సెర్రెస్ అనే చిత్రకారుడు గొప్పగా చిత్రించాడు. కానీ అతను లండన్‌లో ఉండి, వచ్చిన వివరాలను బట్టి వేసినవాడు. ఇక రంగు పొరల సాక్ష్యం మన నమ్మకాలను ఎంతగా కదిలించగలదో ట్రఫాల్గర్‌లో నెల్సన్ ఎక్కిన విక్టరీ ఓడ చూపించింది. 1765లో నీట దిగి, ఇప్పటికీ పోర్ట్స్‌మత్‌లో నిలిచి ఉన్న ఆ ఓడకు దశాబ్దాలపాటు నిండు పసుపు పట్టీలు వేస్తూ వచ్చారు. పాత పొరలను గీకి పరీక్షించిన మీదట, ట్రఫాల్గర్ నాటి రంగు అంతకంటే బాగా లేతగా, కాస్త గులాబీ ఛాయతో ఉండేదని తేలింది, 2015లో ఓడకు ఆ రంగే వేశారు. ప్రపంచంలో అన్నిటికంటే బాగా తెలిసిన ఓడ విషయంలోనే ఇలా జరిగితే, ఎరో గురించి ఒక రంగు డబ్బా పేరు చెప్పి ఇదే నిజమని పట్టుబట్టడం కష్టం. తేనె రంగు ఎరో నల్ల ఎరో కంటే 1782కు దగ్గర అని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.

కనబడని రాగి

వెచ్చని సముద్రాల్లో కొయ్యను తొలిచే పురుగులు ఓడ అడుగును జల్లెడ చేస్తాయి, నాచు, గుల్లలు పట్టి వేగాన్ని చంపేస్తాయి. దీనికి విరుగుడుగా బ్రిటిష్ నౌకాదళం 1779 తర్వాత ఓడల అడుగులకు రాగి రేకు తొడుగు వేయడాన్ని ముమ్మరం చేసింది. సుఫ్రెన్ దళంలో కొన్నింటికే రాగి ఉండడం వల్ల, వేగంగా పోగలవి కూడా నెమ్మది ఓడల కోసం ఆగవలసి వచ్చేది. కాబట్టి ఆట నియమాల్లో రాగికి గొప్ప విలువ ఉంది.

రంగులో మాత్రం దాదాపు లేదు. ఆట ఓడలు నీటి మట్టం దగ్గర కోసినట్లు చదునుగా ఉంటాయి, రాగి అంతా నీటి కింద ఉండిపోతుంది. నీటి పైన ఒక అడుగు కనబడిందనుకున్నా 1/1200లో అది పావు మిల్లీమీటరు. అయినా కొత్తగా మొదలుపెట్టినవారు రెండు మిల్లీమీటర్ల మెరిసే రాగి పట్టీ వేస్తారు. అది నిజమైతే ఓడ దాదాపు రెండున్నర మీటర్లు పైకి తేలి ఉన్నట్లు, అంటే ఫిరంగులే కాదు, లోపలి బరువంతా దాదాపు దించేసినట్లు. పైగా కొత్త రాగి కాంతి కొద్ది రోజులే, ఆ తర్వాత ఇంట్లో తోమకుండా వదిలేసిన చెంబులా గోధుమకూ, ఆకుపచ్చకూ తిరుగుతుంది.

తెరచాప తెలుపు ఎంత తెలుపు

ఆనాటి ఐరోపా తెరచాపలు అవిసె నారతో నేసినవి. కొత్త బట్ట లేత గోధుమ ఛాయలో ఉంటుంది, ఎండకూ వానకూ వెలిసి బూడిద తెలుపుకు తిరుగుతుంది. ఐరోపా నుంచి ఆఫ్రికా చుట్టి మన తీరానికి నెలల తరబడి ప్రయాణించి వచ్చిన దళాల తెరచాపలు అతుకులతో, మాసికలతో ఉండేవనుకోవడం సహజం. పైనుంచి కింది వరకు ఒకే రంగు వేయడం కంటే, ఒకటి రెండు తెరచాపలను కాస్త వేరే ఛాయలో వేయడం ఈ నిజాన్ని పట్టి చూపుతుంది.

అతుకుల గీతలు వేయాలా వద్దా అన్నది మరో వాదం. బ్రిటిష్ తెరచాప బట్ట పన్నా సుమారు 24 అంగుళాలు. అంటే 1/1200లో ప్రతి అర మిల్లీమీటరుకూ ఒక నిలువు గీత పడాలి, 1/700లో ప్రతి 0.87 మిల్లీమీటరుకు ఒకటి. 1/1200లో అన్ని గీతలూ గీస్తే తెరచాప చారల చొక్కాలా తయారవుతుంది, ఎందుకంటే ఎంత సన్నని పెన్సిలు గీత అయినా నిజమైన కుట్టు కంటే ఎన్నో రెట్లు లావు. గీతలుంటేనే అది బట్ట అని కన్ను నమ్ముతుందని గీసేవారు అంటారు, అది కొట్టిపారేయదగిన మాట కాదు. మూడింటికి ఒక గీత చొప్పున లేతగా గీసి రెండు పక్షాలకూ నచ్చేలా చేసినవారిని చూశాను.

ఎన్ని తెరచాపలు విప్పి ఉంచాలన్నది రంగు కంటే పెద్ద విషయం. పోరులోకి దిగే ముందు అట్టడుగున ఉండే పెద్ద తెరచాపలను సాధారణంగా పైకి ముడిచేసేవారు. అవి చూపుకు అడ్డం, ఫిరంగుల నిప్పురవ్వలకు అంటుకునే ప్రమాదం కూడా. తెరచాపలన్నీ విప్పిన ఓడ అందంగా ఉంటుంది, అది ప్రయాణంలోని ఓడ. పోరులోని ఓడ కాస్త బోసిగా ఉంటుంది. నాకు ఆ బోసితనమే నచ్చుతుంది, ఓడ నడుమ భాగమూ పడవలూ అప్పుడే కనబడతాయి.

జెండాలు: ఎక్కువమంది తప్పు చేసే చోటు

జెండా అతి చిన్నది, అయినా ఓడ ఏ దేశానిదో, ఏ ఏడాదిదో ఒక్క చూపులో చెప్పేది అదే. దొరికే జెండా కాగితాలు చాలా వరకు నెపోలియన్ కాలపు యుద్ధాల కోసం తయారైనవి. వాటిని తెచ్చి 1782 ఓడలకు అంటిస్తే రెండు తప్పులు ఒకేసారి జరుగుతాయి.

బ్రిటిష్ యూనియన్ జెండాలో ఈనాడు కనబడే ఎర్రని ఏటవాలు గీతలు ఐర్లండ్ కలిసిన 1801లో చేరాయి. 1782 జెండాలో నీలం మీద తెల్లని ఏటవాలు గీతలు, నడుమ తెల్ల అంచుతో ఎర్రని నిలువు అడ్డ శిలువ మాత్రమే ఉంటాయి. ఫ్రెంచి వైపు చూస్తే, మూడు రంగుల జెండా విప్లవం తర్వాతిది. సుఫ్రెన్ ఓడల మీద ఎగిరింది రాజవంశపు తెల్ల జెండా. దాని మీద నీలం, ఎరుపు కనబడితే ఆ ఓడ పుట్టని కాలానికి వెళ్లిపోయినట్లే.

బ్రిటిష్ జెండాలో ఇంకో మెలిక ఉంది. 1864 వరకు వారి నౌకాదళాధిపతులు ఎరుపు, తెలుపు, నీలం అనే మూడు శ్రేణులలో ఉండేవారు. ఓడ వెనుక ఎగిరే పెద్ద జెండా నేల ఏ రంగన్నది ఆ ఓడ దేశాన్ని బట్టి కాదు, దాన్ని నడిపే అధిపతి శ్రేణిని బట్టి ఉండేది. ట్రఫాల్గర్ ఉదాహరణ తీసుకుందాం. నెల్సన్ తెలుపు శ్రేణి, అతని తర్వాతి అధిపతి కాలింగ్‌వుడ్ నీలం శ్రేణి. నియమం ప్రకారం ఒకే దళంలో సగం ఓడల మీద తెలుపు, సగం మీద నీలం జెండాలు ఎగరాలి. పొగలో గుర్తుపట్టలేమని నెల్సన్ అందరినీ తెల్ల జెండాయే ఎగరేయమన్నాడు. ఆ రోజు మరో జాగ్రత్త కూడా తీసుకున్నాడు: శత్రు ఓడల నిలువు కొయ్యలకు చుట్టిన ఇనుప పట్టీలు నల్లగా ఉంటాయి కాబట్టి తన ఓడలవాటికి కొయ్యతో కలిసేలా పసుపు వేయించాడు. కాబట్టి హ్యూస్ ఓడల జెండా రంగు ఎంచేముందు పోరు నాటికి హ్యూస్ ఏ శ్రేణిలో ఉన్నాడో చూడాలి, నెల్సన్ జెండాను చూసి నకలు చేయకూడదు.

మద్రాసు రేవు దృశ్యం బల్ల మీద పెట్టాలనుకునేవారికి ఈస్టిండియా కంపెనీ సరుకు ఓడలు కూడా కావాలి. వాటి జెండా ఎరుపు తెలుపు అడ్డ చారలది, పై మూలలో యూనియన్ గుర్తు. చారల సంఖ్య బొమ్మబొమ్మకూ మారుతుంది. ఆ కాలంలో ఇక్కడ కట్టిన రేవు లేదు, ఓడలు దూరాన లంగరు వేస్తే మనుషులనూ సరుకునూ అలల మీదుగా ఒడ్డుకు చేర్చింది కుట్టు పలకల మసూలా పడవలు. తొమ్మిది పది మీటర్ల మసూలా పడవ 1/1200లో బియ్యపు గింజకంటే కొంచెం పెద్దది. ఆ నాలుగు గింజలు బల్ల మీద ఉంటేనే అది మద్రాసు అనిపిస్తుంది.

తాళ్ల తగాదా, కొన్ని కొలతలతో

ఓడ తాళ్లు రెండు రకాలు. నిలువు కొయ్యలను పడిపోకుండా నిలబెట్టేవి కదలనివి, తారు పట్టించి ఉండడం వల్ల నలుపు కలిసిన గోధుమ రంగువి. తెరచాపలను ఎత్తి దించి తిప్పేవి లాగే తాళ్లు, తారు తక్కువ కాబట్టి నార రంగువి. నమూనా ఓడ మీద అన్ని తాళ్లనూ ఒకే నలుపులో వేయడం మామూలుగా జరిగే పొరపాటు.

పెద్ద ఓడలో ముఖ్యమైన కొయ్యను ముందుకు బిగించే అతి లావు తాడు మందం సుమారు 15 సెంటీమీటర్లు, 1/1200లో 0.12 మిల్లీమీటరు. పక్కల నుంచి కొయ్యను పట్టి ఉంచే తాళ్లు 8 సెంటీమీటర్ల చొప్పున అనుకుంటే 0.07 మిల్లీమీటరు, దాదాపు తలవెంట్రుక. లాగే తాళ్లు మూడు నాలుగు సెంటీమీటర్లవి, అంటే 0.03 మిల్లీమీటరు, ఏ దారంతోనూ సాధ్యం కాదు. ఇంట్లోని కుట్టుదారం 0.25 మిల్లీమీటరు ఉంటే, అది నిజమైన ఓడ మీద 30 సెంటీమీటర్ల లావు తాడు. తాడు కాదు, కొబ్బరి మొద్దు. రిచీ స్ట్రీట్‌లో మోటారు చుట్టడానికి అమ్మే పూత రాగి తీగ ఈ లెక్కకు బాగా సరిపోతుంది: 40 గేజి తీగ 0.12, 42 గేజి 0.10 మిల్లీమీటరు. లావు తాళ్లకు అది అచ్చంగా సరైన కొలత.

తాళ్లు వద్దనేవారి వాదన బలమైనదే. ఆటలో ఓడలను పదేపదే పట్టుకుంటాం, చేయి తగిలి ఒక్క తీగ తెగితే మరమ్మతుకు సాయంత్రం పోతుంది, పైగా ఆ దూరం నుంచి నిజమైన ఓడ మీద సన్నని తాళ్లు కనబడవు. కావాలనేవారు కూడా నిజమే చెబుతారు: విడివిడి తాళ్లు కనబడకపోయినా, కొయ్యల చుట్టూ అల్లుకున్న ఆ వల ఒక ఆకారంగా కనబడుతుంది, అది లేని ఓడ ఆకులు రాలిన చెట్టులా ఉంటుంది. కదలని తాళ్లలో లావువి పది పన్నెండు మాత్రం వేసి మిగతావి వదిలేయడం ఈ రెండు వాదాలకూ సరిపోతుంది, నేను చేసేది అదే. సాగే గుణమున్న దారం వాడితే వేలు తగిలినా వంగి మళ్లీ బిగుసుకుంటుంది.

బల్ల మీద గుర్తుపట్టాలంటే

సద్రాస్ పోరుకు హ్యూస్ పక్షాన తొమ్మిది వరుస ఓడలు. అందులో ఒకటి హీరో. ఎదుటి పక్షపు నాయక ఓడ ఎరో. రెండు పేర్లూ ఒకే మాట. ఫ్రెంచివారి దగ్గర అన్నిబాల్ అనే ఓడ ఉండగా, బ్రిటిష్‌వారి హానిబల్ కూడా వారి చేతికే చిక్కి చిన్న అన్నిబాల్ అయింది. ఈ గందరగోళంలో 43 మిల్లీమీటర్ల ఓడలు, ఒక వైపు తెల్ల జెండా, వెనుక తెల్లని తెరచాప. ఆటగాడు తడబడడంలో ఆశ్చర్యం లేదు.

అందుకే చరిత్రలో లేని సాయాన్ని కొందరు రంగులో చేర్చుకుంటారు: ఒక పక్షం తెరచాపలన్నీ కాస్త పసుపు ఛాయలో, రెండో పక్షంవి బూడిద ఛాయలో వేస్తారు. దీనికి ఆధారం లేదని చరిత్ర పక్షం అభ్యంతరం చెబుతుంది, ఆధారం నిజంగానే లేదు. అయితే ఇది ఆట ప్రశ్నకు ఇచ్చిన జవాబు. అలాగని ఒప్పుకుని చేస్తే నాకు అభ్యంతరం కనబడదు. ఓడ నిలిపే పీఠం వెనుక అంచున పేరు రాయడం, జెండాను కొలత కంటే కొంచెం పెద్దదిగా పెట్టడం చరిత్రను ఏమాత్రం కదిలించకుండా అదే పని చేస్తాయి. ఆనాటి జెండాలు అసలే పెద్దవి కాబట్టి ఆ పెంపు కంటికి ఎబ్బెట్టుగా ఉండదు.

మన గాలి, మన వేడి

చెన్నైలో ఈ పని చేసేవారికి మరో సమస్య ఉంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజున స్ప్రే వార్నిష్ కొడితే, ఆరేటప్పుడు ఓడ అంతా పొగమంచు పట్టినట్లు తెల్లబడుతుంది. నాలుగు రాత్రుల పని అలా పోగొట్టుకున్న నవంబరు ఒకటి నాకు గుర్తుంది, అప్పటి నుంచి కుంచెతో పూసే వార్నిష్‌నే నమ్ముకున్నాను. సీసం కలిసిన పాత లోహపు ఓడలను కొయ్య బీరువాలో మూసి పెడితే, కొయ్య నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లని పొడిగా రాలిపోతుంది. పీఠం కింద ఇనుప రేకు వేస్తే సముద్రపు గాలికి తుప్పు పడుతుంది.

ఇంట్లోనే రెసిన్‌తో ముద్రించుకునే ఓడలు వచ్చాక అందుబాటు పెరిగింది, లెక్కలు కూడా పెరిగాయి. 1/700 కోసం గీసిన ఓడను 1/1200కు మార్చాలంటే 58.3 శాతానికి కుదించాలి. అప్పుడు 0.6 మిల్లీమీటరు ఉన్న అడ్డకొయ్య 0.35కు దిగుతుంది, ఏప్రిల్ వేడికి వంగుతుంది, లేదా తాకితే విరుగుతుంది. ఓడ ఒంటిని మాత్రం ముద్రించి, కొయ్యలకు ఇత్తడి తీగ వాడేవారు ఈ బాధ తప్పించుకుంటారు.

మా బల్ల మీద ఇప్పుడు తేనె రంగు ఎరో మొదటి నాలుగు పోరాటాల్లో మూడింటికి వాడుకలో ఉంది. నల్ల ఎరోకు పట్టీలు చెరిపి, నలుపు సరిగ్గా కుదిరింది కాబట్టి, 1805 నాటి మరో ఫ్రెంచి ఓడగా పేరు మార్చాం. నాలుగోదైన ట్రింకోమలీ పోరుకు పెద్దాయన వేరే ఎరోను తయారు చేశారు. 1782 సెప్టెంబర్ 3న ఆ ఓడ ప్రధాన కొయ్య కూలి, దానితో పాటు జెండా కూడా పడిపోయింది. లొంగిపోయిందనుకుని శత్రువులు కేకలు వేయడంతో, తెల్ల జెండాలు తెచ్చి ఓడ చుట్టూ కట్టమని సుఫ్రెన్ అరిచాడని చెబుతారు. పెద్దాయన ఓడకు నడిమి కొయ్య మొదలంటా విరిగి ఉంది, పక్కల వెంట సిగరెట్టు కాగితంతో చేసిన అర సెంటీమీటరు తెల్ల జెండాలు ఏడు వేలాడుతున్నాయి. ఆ తెలుపు తెరచాపల తెలుపులో కలిసిపోకుండా ఉండేందుకు ఒక్కో జెండా మడతలోనూ ఆయన ఒక్క చుక్క నీలం బూడిద రంగు దించారు.